ఫౌజియా ఉరికిన రోజు

ఫౌజియాతో నా పరిచయం ఇద్దరం కిందపడటంతో మొదలైంది. హనుమకొండ స్టేడియంలో ట్రాకు అంచున వంగి షూ లేసు కట్టుకుంటున్నాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. వెనక నుంచి ఎవరో ఉరుక్కుంటూ వచ్చి నేరుగా నా మీద పడ్డారు. మోచెయ్యి గీరుకుపోయింది. కోపమొచ్చి, ఇంత మనిషిని కనబడలేదా అన్నాను.

ఆమె లేచి నిలబడింది. నెత్తికి నల్ల స్కార్ఫు, సల్వారు కమీజు, కాళ్లకు కొత్త స్పోర్ట్స్ షూ. ముఖానికంటిన మట్టి కూడా తుడుచుకోలేదు.

"లేదక్కా, నిజంగనే కనబడలే," అంది.

సాకు చెబుతున్న గొంతు కాదది. ఉన్నమాట చెబుతోంది.

నేను ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను. షుగరొచ్చిందని డాక్టరు నడవమంటే నడక మొదలుపెట్టాను. నడిచీ నడిచీ విసుగొచ్చి ఉరకడం నేర్చుకున్నాను. మా గుంపులో పది పన్నెండు మందిమి ఉంటాం. రిటైరైన లెక్చరర్ చంద్రమౌళి సార్ మాకు పెద్ద. ఆ రోజు నుంచి ఫౌజియా కూడా మాలో ఒకతయింది. నా మీద పడ్డందుకు నాతోనే ఎక్కువ మాట్లాడేది.

ఆమె ఇల్లు శివనగర్‌లో. దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పాఠాలు చెబుతుంది. భర్త షకీల్‌కు మండిబజారులో పరుపుల దుకాణం. ఆఫ్రీన్ ఒక్కతే కూతురు, అప్పుడు ఎనిమిదో తరగతి. ఫౌజియాకు నలభై ఇంకా నిండలేదు. కంటి వెనక పొర కొద్దికొద్దిగా చచ్చిపోయే జబ్బు ఆమెది. మొదట చీకట్లో చూపు పోతుంది. తర్వాత పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది. పగలు ఎదురుగా ఉన్న మనిషి ముఖం బాగానే కనిపిస్తుంది గానీ, ఆ మనిషి చేతిలో ఏముందో తెలియదు. "గొట్టంల నుంచి చూసినట్టు ఉంటదక్కా, ఆ గొట్టం ఏడాదికింత సన్నవడతాంది," అని ఒకసారి చెప్పింది. మందు లేదు. ఆపరేషన్ లేదు. హైదరాబాద్‌లోని పెద్ద కంటి దవాఖానలో ఆ మాట చెప్పి పంపించారు.

ఆమె తల్లికీ అదే జబ్బు. ఆ కాలంలో దానికి పేరు తెలియక రేచీకటి అన్నారు. మేక కాలేయం వండిపెట్టారు, పొన్నగంటి కూర తినిపించారు, దర్గాకు తీసుకెళ్లారు. ఆఖరి ఏళ్లలో ఆ తల్లి ఇంట్లో ఒక మూలన చాప మీద కూచుని, వచ్చేపోయే వాళ్ల అడుగుల చప్పుడును బట్టి పేర్లు చెప్పేదట. అందరూ దాన్నొక వింతలా చెప్పుకుని మెచ్చుకునేవాళ్లట. ఫౌజియాకు ఆ మెచ్చుకోలు గిట్టేది కాదు.

జబ్బు బయటపడ్డాక ఆమెకు నిద్ర దూరమైంది. పక్క మీద పొర్లి పొర్లి, తెల్లారుతుండగా లేచి వరంగల్ కోట దగ్గరి ఖిలా మైదానం వైపు నడిచేది. ఒక పొద్దున ఎందుకో కాళ్లు వాటంతట అవే ఉరికాయి. ఆ రోజు ఇంటికొచ్చి తృప్తిగా అన్నం తిన్నానంది. తర్వాత రోజూ ఉరికింది. రాళ్లకు తట్టుకుంది, పడుకున్న బర్రె మీద పడింది, ఒకసారి పెదవి పగిలింది. ఆడది రోడ్ల మీద ఉరుకుడేందని బస్తీలో నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. షకీల్‌కు ఆ మాటల కన్నా పగిలిన పెదవే ఎక్కువ బాధ పెట్టింది. బంద్ చెయ్యమన్నాడు. ఆమె వినలేదు. కొన్నాళ్లు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి ఆయనే ఓడిపోయి, నేల చదునుగా ఉంటుందని, లైట్లుంటాయని, పొద్దున్నే స్కూటీ మీద ఆమెను హనుమకొండ స్టేడియానికి తెచ్చి దింపడం మొదలుపెట్టాడు. ఆమె ఉరుకుతున్నంత సేపూ గేటు దగ్గర చాయ్ తాగుతూ నిలబడేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు.

ఒకరోజు ఆయన జేబులోంచి మూరెడు గుడ్డ పేలిక తీసి నా చేతికిచ్చాడు. పరుపులకు కుట్టే నీలిగీతల గుడ్డ. రెండు కొసల్లోనూ చెయ్యి పట్టేటట్టు ముడేసి ఉంది.

"ఒక కొస మీరు పట్టుకోండ్రి అక్కా, ఇంకో కొస ఆమె పడతది. ఫోన్‌ల చూసిన, గుడ్డోళ్లు గట్లనే ఉరుకుతరట," అన్నాడు. తన నోటి నుంచి వచ్చిన ఆ మాటకు తానే బిత్తరపోయి తల దించుకున్నాడు. ఫౌజియా పక్కనే ఉంది. నా చేతిలోని పేలికను తడిమి, ముడి లాగి చూసింది.

అట్లా మేమిద్దరం జతయ్యాం. మలుపుకు ముందు పేలికను కొంచెం లాగేదాన్ని. గుంతగానీ స్పీడ్ బ్రేకర్ గానీ వస్తే నోటితో చెప్పేదాన్ని. కొన్నాళ్లకు చెప్పనక్కర్లేకుండానే నా చెయ్యి కదిలిన తీరును బట్టి ఆమె పాదం మార్చుకునేది. ఆఫీసులో ఇరవై ఏళ్లు పక్క కుర్చీలో కూచున్న వాళ్లతో కూడా నాకంత పొత్తు కుదరలేదు.

మన ఊళ్లో హాఫ్ మారథాన్ పెడుతున్నారని చంద్రమౌళి సార్ చెప్పినప్పుడు మాలో చాలామందిమి ఐదు కిలోమీటర్లకు పేరిద్దామనుకున్నాం. ఫౌజియా మాత్రం ఇరవై ఒకటీ ఉరుకుతానంది. స్టేడియం దగ్గర మొదలై, ములుగు రోడ్డు మీదుగా, పెద్ద దవాఖాన ముందు నుంచి, వరంగల్ చౌరస్తా దాటి ఖిలా దాకా పోయి మళ్లీ వెనక్కి రావాలి. చలికాలం, చీకట్లోనే మొదలు. నీకెందుకమ్మా అంత దూరమని సార్ మెల్లగా అన్నాడు. గేటు వైపు పోతుంటే ఆమె జవాబు నాతో చెప్పింది.

"కండ్లున్నంతల ఒక్క పెద్ద పని చెయ్యాలె అక్కా. చేసి సూడాలె. మా అమ్మీ లెక్క మూలకు కూసున్ననాడు, నేను గిది చేసిన అని యాది చేసుకోనీకె ఒకటుండాలె గద."

నెలల తరబడి సాధన చేశాం. ఆదివారాలు కాజీపేట దాకా పోయి వచ్చేవాళ్లం. ఆ రోజుల్లో అప్పుడప్పుడు ఆఫ్రీన్ కూడా వచ్చేది. పొడుగు పిల్ల, తల్లి పోలికే. తక్కువ మాట్లాడుతుంది. తల్లి నీళ్ల సీసా పట్టుకుని మెట్ల మీద కూచునేది. ఎండొచ్చిన తర్వాతే మెట్లు దిగేది. చిన్నప్పుడే ఆ పిల్ల కళ్లు కూడా చూపించారు. రెండేళ్లు వరసగా హైదరాబాద్ తీసుకెళ్తే, రెండుసార్లూ ఏమీ లేదన్నారు. ఆ తర్వాత పోలేదు. గండం గడిచిందనుకున్నారు. ఫౌజియా నాకు ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఉన్న నిమ్మళం వేరు. నాతోనే ఆగిపోయిందక్కా, అంది. జబ్బును పొలిమేర దాకా సాగనంపి వచ్చిన మనిషి లాగా అంది.

ఆ ఏడు ఆమె పిల్ల మీద చాలా కోపంగా ఉండేది. సాయంత్రం ట్యూషన్ మానేసింది, ఎందుకని అడిగితే సార్ మంచిగ చెప్పడంటది. పెళ్లిళ్లకు రమ్మంటే రాదు. రాత్రి దుకాణంలో ఉన్న నాన్నకు టిఫిన్ డబ్బా ఇచ్చి రమ్మంటే తల నొప్పంటది. బద్ధకం ఎక్కువైందని, ఫోన్ పట్టుకుని కూచుంటోందని తిట్టేది. పదో తరగతికొస్తాంది, ఇట్లయితే ఎట్ల అని నా దగ్గర వాపోయేది. ఈ వయసు పిల్లలు అంతేలే అనేదాన్ని నేను.

పరుగు రోజు వచ్చింది. స్టేడియం ముందు మైకులో పాటలు, చలిలో వేలమంది జనం. షకీల్ తన చేత్తోనే ఆమె కమీజుకు నంబరు గుడ్డ పిన్నులతో కుట్టినట్టు పెట్టాడు. వంకర పోయిందేమోనని రెండుసార్లు విప్పి మళ్లీ పెట్టాడు. ఆఫ్రీన్ స్కూలు పిల్లలను నీళ్ల బల్లల దగ్గర నిలబెట్టారు. ఆఫ్రీన్‌ను షకీల్ ముందే దవాఖాన దాటాక ఉన్న బల్ల దగ్గర దింపి వచ్చాడు. నేను నెత్తికి లైటు కట్టుకున్నాను. పేలిక ఒక కొస నాకు, ఒక కొస ఆమెకు. గుంపులో ఎవరూ మా మధ్య నుంచి దూరకుండా చంద్రమౌళి సార్ కాసేపు మా వెనకే ఉరికాడు.

మొదటి మూడు కిలోమీటర్లు ఫౌజియాకు ఏమీ కనిపించలేదు. వీధిదీపాలు ఆమెకు మబ్బులో చుక్కల్లాంటివి. నా చెయ్యే ఆమె దారి. అయినా భయం లేదు ఆమెకు. ఊపిరి సమంగా ఉంది. నడుమ ఒకసారి నవ్వింది కూడా. అక్కా, ఇప్పుడు మనం పెద్ద దవాఖాన ముందున్నం గద, ఫినాయిల్ వాసన వస్తాంది, అంది.

దవాఖాన దాటాక ఒక చోట వీధిదీపాలు లేవు. నీళ్ల బల్ల సరిగ్గా అక్కడే పెట్టారు. ఎవరో ఫోన్ లైటు పట్టుకున్నారు గానీ అది బల్ల అవతలి కొసన. ఆఫ్రీన్ ఇవతలి కొసన, రోడ్డు వైపు నిలబడి ఉంది. పిల్ల కంగారుగా ఉన్నట్టనిపించింది. తనను తోసుకుంటూ పోతున్న జనం మధ్య బల్ల అంచును ఒక చేత్తో గట్టిగా పట్టుకుంది. నేను ఫౌజియాను ఆమె ముందుకు తీసుకొచ్చి ఆపాను. మీ అమ్మీ వచ్చింది బిడ్డా, అన్నాను.

ఆఫ్రీన్ గ్లాసు ముందుకు చాపింది. ఆ గ్లాసు మా ఇద్దరి మధ్యలో గాలిలోకి వచ్చింది. ఫౌజియా చెయ్యి దానికోసం వెతుకుతోంది. పిల్ల రెండో చెయ్యి బల్ల వదిలి ముందుకొచ్చింది. తల్లి రొమ్ముకు తగిలి, భుజం మీదికి పాకి, మెడ దగ్గర ఆగింది. గ్లాసు జారి కిందపడింది. పక్కనున్న వరస గ్లాసులు కూడా పడ్డాయి. సారీ అమ్మీ, జనం తోస్తాండ్లు, అంది ఆఫ్రీన్.

ఇదంతా ఎంతసేపు, చిటికెలో అయిపోయింది. నాకు అందులో ఏమీ తోచలేదు. చీకట్లో పిల్ల తడబడింది అనుకున్నాను. ఇంకో గ్లాసు అందుకుని ఇవ్వబోతే ఫౌజియా వద్దంది.

"పోదాం అక్కా."

అప్పటి నుంచి ఆమె ఉరికిన ఉరుకు నేనెన్నడూ చూడలేదు. ఎప్పుడూ నేను అర అడుగు ముందుండేదాన్ని. ఇప్పుడు పేలిక ముందుకు గుంజుకుపోతున్నది నా చేతిలోంచి. మెల్లగ మెల్లగ అన్నాను. వినలేదు. పోచమ్మమైదాన్ దాటాం, చౌరస్తా దాటాం. అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి ఉంటే, చెప్పినా పక్కకు రాకుండా వాటిలోంచే పోయింది. మనిషికి హుషారొచ్చింది కాబోలు అనుకున్నాను. నాకు ఊపిరాడటం లేదు గానీ సంతోషంగానే ఉంది.

ఖిలా లోపలికి వచ్చేసరికి పొద్దు పొడిచింది. తోరణాల రాళ్ల మీద ఎర్రటి ఎండ పడింది. ఇక్కడికి ఉరుక్కుంటూ వచ్చి, ఈ రాళ్లను చూడాలని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. అవిగో చూడు ఫౌజియా, అన్నాను. ఆమె చూడలేదు. ఆగిపోనూ లేదు. అడుగులు చిన్నవయ్యాయి, అంతే.

"పద్మక్కా, అది నన్ను తడుముకున్నది."

ఎవరు అన్నాను.

"ఆఫ్రీన్. ఎదురుంగనే ఉన్న. చెయ్యి పెట్టి తడుముకున్నది. నేను తడుముకున్నట్టే."

జనం తోపులాటలో అట్లా అయి ఉంటుందన్నాను. చీకటి కదా అన్నాను. అంటూనే, ఆ పిల్ల బల్ల అంచును పట్టుకున్న తీరు నా కళ్లకు కట్టింది. ట్యూషన్, పెళ్లిళ్లు, టిఫిన్ డబ్బా, స్టేడియం మెట్లు, ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఆమెకు ఇవన్నీ దవాఖాన దగ్గరే గుర్తొచ్చి ఉంటాయి. అందుకే అంత ఉరుకు.

ఆపేద్దాం, షకీల్‌కు ఫోన్ చేస్తా, స్కూటీ మీద పోదువు గానీ, అన్నాను.

"వద్దు. ఆగితె అడగాలె గద దాన్ని. అడిగితె చెప్తది. జరసేపు నన్ను ఉరకనియ్యి అక్కా."

కొట్టొద్దని బతిమాలినట్టు అంది ఆ మాట. తిరుగుదారి పట్టాం.

తిరిగొచ్చేటప్పుడు ఆమెకు వెలుతురు ఉంది. నా అవసరం సగమే. కానీ ఆమె పేలికను పిడికిలికి చుట్టేసుకుంది, వేళ్లు తెల్లబడ్డాయి. ఏడవలేదు. ఎవరో రోడ్డు పక్కన చప్పట్లు కొడుతూ, శభాష్ మేడం అన్నారు. ఒక పత్రికాయన బండి మీద పక్కనే వస్తూ ఫొటోలు తీశాడు.

నీళ్ల బల్ల దగ్గర ఈసారి ఎండ బాగా ఉంది. ఆఫ్రీన్ చకచకా గ్లాసులు నింపుతోంది. ఒకటి తీసి ఒకరికిస్తోంది, ఇంకొకటి ఇంకొకరికి. ఒక్క చుక్క ఒలకడం లేదు. దూరం నుంచే మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. ఫౌజియా ఆగింది. గ్లాసు అందుకుని పిల్ల ముఖంలోకి చూస్తూ తాగింది. తనకున్న ఆ కాస్త గుండ్రటి చూపులో పిల్ల ముఖం తప్ప ఇంకేం పట్టి ఉండదు. ఏమైంది అమ్మీ, కాలు నొస్తాందా అని అడిగింది ఆఫ్రీన్. ఏం లేదు, అంది.

చివరి రెండు మూడు కిలోమీటర్లు ఆమె కుంటుతూ వచ్చింది. మడమ చిట్లి షూలో రక్తం. స్టేడియంలోకి వచ్చి గీత దాటి, పక్కకు పోయి వాంతి చేసుకుంది. మెడలో పతకం వేశారు. షకీల్ గేటు దాటి మొదటిసారి లోపలికొచ్చాడు. ఆయన చేతిలో ఇడ్లీ పొట్లం, కళ్ల నిండా నీళ్లు. నా చెయ్యి పట్టుకుని, మీ మేలు మర్చిపోనక్కా, అన్నాడు. నాకు ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు. చంద్రమౌళి సార్ అందరితో చప్పట్లు కొట్టించాడు. మర్నాడు పేపర్లో ఫౌజియా ఫొటో వచ్చింది, మనోనేత్రంతో పరుగు అని కింద రాశారు. షకీల్ దాన్ని కత్తిరించి దుకాణంలో అంటించాడు.

నాకు తప్ప ఆమె మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు రోజులూ ఎట్లా గడిచాయో ఎప్పుడూ చెప్పదు. నాలుగో రోజు మసక చీకటి వేళ, షకీల్ దుకాణంలో ఉండగా, వెనక గదిలో లైటు ఆర్పేసి ఆఫ్రీన్‌ను పిలిచింది. అల్మారాలోంచి ఎర్ర దుపట్టా తెమ్మంది. పిల్ల గడప దగ్గర ఆగిపోయింది. లైటు ఎందుకు తీసినవ్ అని అడిగింది. తెమ్మన్న గద, అంది తల్లి. ఆఫ్రీన్ అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది.

చీకట్లో కనబడకుండా అయి ఏడాదిన్నర అయిందట. మొదట ట్యూషన్ నుంచి వస్తూ సైకిలు కాలువలో పడేసింది. కుక్క వెంటపడ్డదని ఇంట్లో చెప్పింది. తర్వాత సాయంత్రాలు బయటికి పోవడమే మానేసింది. క్లాసులో ముందు బెంచీకి మారింది. ఎవ్వరికీ చెప్పలేదు. ఈ జబ్బేమిటో ఆ పిల్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో చూస్తూనే ఉంది.

ఎందుకు చెప్పలేదే అని ఫౌజియా అడిగింది. పిల్ల చెప్పిన జవాబును ఆమె నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీకు తెలిస్తె నువ్వు ఉరుకుడు బంద్ చేస్తవని చెప్పలే అమ్మీ."

ఆ వారంలోనే హైదరాబాద్ పోయారు. నేను కూడా పోయాను. చీకటి గదిలో పిల్లకు కళ్ల మీద తీగలు పెట్టి పరీక్ష చేశారు. బయట బెంచీ మీద షకీల్ తస్బీహ్ పూసలు తిప్పుతూ కూచున్నాడు. ఫౌజియా గోడకు ఆనుకుని నిలబడింది. డాక్టరమ్మ చిన్న వయసుది, మెత్తగా మాట్లాడింది. తల్లి కన్నా పిల్లకు తొందరగా మొదలైందని చెప్పింది. ఎండలో నల్లద్దాలు పెట్టుకోమంది, చదువు ఆపొద్దంది, రెండేళ్లకోసారి రమ్మంది. మందు సంగతి షకీల్ అడిగాడు. పరిశోధనలు జరుగుతున్నాయని చెప్పింది. ఆ మాట ఫౌజియాకు కొత్త కాదు. తన జబ్బు బయటపడ్డప్పుడు కూడా అదే గదిలో అదే మాట విన్నది.

రైలులో తిరిగొస్తుంటే ఆఫ్రీన్ కిటికీ పక్కన కూచుంది. చాలాసేపటికి, తల్లి వైపు తిరక్కుండానే అడిగింది, నీకు ఎప్పుడు తెలిసిందని.

నీళ్ల బల్ల దగ్గర, అంది ఫౌజియా.

"తెలిసినంక గూడ మొత్తం ఉరికినవా?"

ఫౌజియా అవునంది. ఆఫ్రీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. నేను కల్పించుకుని ఏదో అనబోయాను గానీ ఫౌజియా నా మోకాలి మీద చెయ్యేసి ఆపింది.

ఫౌజియా ఆ తర్వాత స్టేడియానికి రాలేదు. మొదట మడమ మానాలంది. తర్వాత స్కూల్లో పనంది. కొన్నాళ్లకు ఫోన్ ఎత్తడం మానేసింది. షకీల్ ఇంట్లో ప్రతి మూలా ట్యూబులైట్లు పెట్టించాడు, స్నానాల గదిలో కూడా రెండు. దుకాణంలో అంటించిన పేపరు ఫొటో తీసేశాడు. ఎందుకని అడిగితే జిగురు ఊడిందన్నాడు. ఆయన మునుపు చేతులు తిప్పుతూ మాట్లాడే మనిషి. ఇప్పుడు దూది సర్దుకుంటూ ఊఁ అంటాడు, అంతే.

బడిలో కూడా ఇబ్బంది మొదలైంది. కాళ్ల దగ్గర కూచున్న పిల్లాడి చెయ్యి తొక్కింది ఫౌజియా. ఆ పిల్లాడి తల్లి వచ్చి గొడవ చేసింది. హెడ్మాస్టరు మంచివాడే, క్లాసులొద్దు, ఆఫీసులో కూచుని ఫోన్లు ఎత్తమన్నాడు. ఆమె ఒప్పుకుంది.

మరుసటేడు మళ్లీ పరుగు ప్రకటించారు. చంద్రమౌళి సార్ ఈసారి ఫౌజియాను జెండా ఊపడానికి పిలుద్దామన్నాడు. కనుక్కుని రమ్మని నన్ను పంపాడు. నాకు ఇష్టం లేకపోయినా ఆమెను చూడాలనిపించి శివనగర్ పోయాను. మధ్యాహ్నం దాటింది. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఫౌజియా లావెక్కింది. చాయ్ పెట్టి, పొయ్యి అంచును వేళ్లతో తడిమి చూసుకుని గ్లాసులు దించింది. జెండా సంగతి చెప్పాను. నవ్వినట్టే నవ్వి తల అడ్డంగా ఊపింది.

ఉరకకపోతే మానె, కనీసం నడుద్దాం రా, పొద్దున నేనే వచ్చి తీసుకపోతా అన్నాను. ఫౌజియా చాయ్ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పింది.

"నేను ఉరికింది కోపంతోని అక్కా. నా కండ్లు నన్ను మోసం చేస్తానయన్న కోపం. ఆ కోపంతోని ఎంత దూరమన్న పోదును. ఇప్పుడు ఎవల మీద కోపం చెయ్యాలె? ఆ రోగం నా కడుపుల నుంచే పోయింది దానికి."

అట్లా అనుకోవద్దన్నాను. అందరూ అనే మాటే. ఆమె విననట్టే చాయ్ ఊదుకుంటూ తాగింది. ఆఫ్రీన్ పరీక్షల గురించి అడిగాను. మంచిగనే చదువుతాంది అంది. పేలిక పట్టుకుని గంటల తరబడి మాటల్లేకుండా ఉరికిన వాళ్లమే, ఆ రోజు ఒక గదిలో ఎదురెదురుగా కూచోలేకపోయాం.

లేచి బయల్దేరాను. ఆఫ్రీన్ చెప్పులేసుకుని నాతో పాటు గల్లీ చివరి దాకా వచ్చింది. ఏడాదిలో ఇంకా పొడుగైంది. నల్లద్దాలు పెట్టుకుంది. ఆటో దొరికే దాకా నిలబడతానంది. స్కూలు సంగతులు అడిగితే ముక్తసరిగా చెప్పింది. ఉన్నట్టుండి, ఆంటీ ఒకటి అడగాల్నా అంది. అడగమన్నాను.

"అమ్మీకి మొత్తం పోయేదానికి ఇంకెన్నేండ్లు వడతది? నాకు చెప్తలేదు. మీకు చెప్పిందా?"

లేదు బిడ్డా అన్నాను. నిజంగానే చెప్పలేదు. తల్లి మీది బెంగతో అడుగుతోందనుకున్నాను గానీ, ఆమె ముఖం చూశాక అర్థమైంది. తనకెన్నేళ్లున్నాయో తల్లిని బట్టి లెక్కేసుకుంటోంది ఆ పిల్ల.

ఆటో వచ్చి ఆగింది. ఎక్కి కూచున్నాను. ఆఫ్రీన్ గల్లీలోకి ఒకసారి చూసుకుని, చీకటైతాంది ఆంటీ, నేను పోతా, అంది. గోడ పక్కగా వేళ్లు రాసుకుంటూ గబగబా వెనక్కి నడిచింది. ఎదురుగా మేడల మీద, కరెంటు తీగల మీద, ఆటో అద్దం మీద నాకు ఇంకా బోలెడు ఎండ కనిపిస్తూనే ఉంది.